గుమ్మంలో పెంకులు

పాసో అమార్గో పాయ,
11 జనవరి 1999

ఎర్మిందా అక్కా,

ముందు నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి. మిగతా ఊసులు తరవాత. సరుకుల పడవలో ముసలి ఎలిసేయో నువ్విచ్చిన మూట తెచ్చాడు. దుంపరొట్టెలు బూజు పట్టకుండా చేరాయి. మన చిన్నోడు సెగుందో వాటి మీద పడ్డ తీరు చూస్తే, నేను వాడిని పస్తులు పెడుతున్నానని ఎవరైనా అనుకుంటారు. నాకు దక్కింది ఒక్కటి. అదీ వాడు కొరికి వదిలేసిందే.

ఇక్కడ వాన లేదు. నవ్వకు, నిజమే చెబుతున్నాను. నాకు బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఈ పాయలో ఒంటి మీద గుడ్డ ఆరడం ఈ ఏడే చూశాను. గుడిసె వెనక జలపాతం పంచె అంచులా సన్నబడింది. కొండ మీద నాచు పొడిపొడిగా రాలుతోంది. వానను మన ఇంట్లో ఎన్ని తిట్లు తిట్టుకున్నాం! ఇప్పుడు చిన్నోడు చొక్కా విప్పి బండ మీద బోర్లా పడుకుని, "ఇదే కదన్నా స్వర్గం" అంటున్నాడు. పోయిన వారం రెండు రోజులు గట్టి జల్లు పడింది. అంతే, మళ్ళీ మొండికేసింది.

అసలు సంగతికి వస్తాను. తల్లి పాదు పోయిందక్కా.

జల్లు వెలిసిన మర్నాడు చూసి వద్దామని గాలి గొట్టం నోట పెట్టుకుని నీళ్ళలోకి దిగాను. జలపాతం కిందున్న ఆ ఆలిచిప్పల పాదును తాత నాటి నుంచి మనం ముట్టం, ఎదుటి ఒడ్డు లెపియోల ఇంటివాళ్ళూ ముట్టరు. పాయ మొత్తానికి విత్తనం అక్కణ్ణుంచే పాకుతుంది. మన తాతా, లెపియోల ముసలాయనా ఆ బండ మీద ఉప్పు చల్లి ఒట్టేసుకున్నారని అమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు! ఆ పాదు కింది సగం ఖాళీ. పై సగంలోనూ బొక్కలు. చెయ్యంత పొడుగున్న ఆలిచిప్పలు నల్లగా ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునేవి కదా, అవి లేవు.

ఎత్తుకుపోయినా ఇంత మండేది కాదు. ఎక్కడివక్కడ తినేసి పెంకులు వదిలేశారు. జతలు జతలుగా, లోపల తళతళలాడుతూ, నాకి పెట్టినట్టు శుభ్రంగా. ఖాళీ పెంకులక్కా! మన దీవుల్లో పగవాడి గుమ్మంలో ఖాళీ పెంకులు పోస్తే దాని అర్థం ఏమిటో చంటిపిల్లలకూ తెలుసు: నీ కూడు మేం తినేశాం, నువ్వు పెంకులు నాక్కో.

చిన్నోడికి చెప్పడం నా తప్పు. ఎలిసేయో పడవ దగ్గర బెలర్మీనో లెపియో బావమరిది కనబడ్డాడు. మాటా మంతీ లేదు. చిన్నోడు తెడ్డు తీసి వాడి మూతి మీద ఒక్కటిచ్చాడు. ఆ బావమరిది రెండు పళ్ళు అరచేతిలోకి ఉమ్మి, వాటి వంక వింతగా చూస్తూ నిలబడ్డాడు.

నేనేం చెయ్యాలో నాకు తోచడం లేదు. నువ్వు చెప్పు.

నీ తమ్ముడు,
రోసమెల్

*

కెయోన్,
19 జనవరి 1999

ఒరే రోసమెల్,

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. బాగోలేనిది నీ వెన్నెముక.

ఏం చెయ్యాలో తోచడం లేదట! మీ బావ కుస్తోదియోను అదే పాయలోంచి, అదే బండ పక్కనుంచి గోనెపట్టాలో చుట్టి తెచ్చినప్పుడు నీకేం తోచిందో ఇప్పుడూ అదే తోచాలి. రెండేళ్ళు కాలేదు. నీళ్ళలో ఉండగా గాలి గొట్టం తెగింది అన్నారు. గొట్టం దానంతట అది తెగుతుందా? ఆ తెగిన చోటు నేను వేలితో తడిమి చూశాను. కత్తి వాదరలా నున్నగా ఉంది. ఆ ఉదయం బెలర్మీనో మోటారు పడవ ఆ దారినే వెళ్ళిందని ముగ్గురు చెప్పారు. అప్పుడు నువ్వే కదా, "అక్కా, సాక్ష్యం లేదు, ఊరుకో" అన్నది. ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇవాళ మన తాత ఒట్టేసిన చోట కూర్చుని భోంచేసి, ఎంగిలి పెంకులు మన మొహాన కొట్టారు. కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకుంటాం?

సాక్ష్యం కావాలా? విను. మొన్న ఫ్యాక్టరీలో మా బల్ల మీదికి లెపియోల గుర్తున్న గోతాలు వచ్చాయి. విప్పితే చెయ్యంత ఆలిచిప్పలు. పాతికేళ్ళుగా ఈ చేతులకు పెంకులు విప్పడమే పని. అంత లావువి మామూలు పాదులో దొరకవు. పక్కన నిలబడ్డ వాళ్ళ మేనత్త నా వంక చూసి, "ఏంటే అలా చూస్తున్నావ్, నీ మొగుడు గానీ ఉన్నాడా అందులో" అంది. చేతిలో ఉన్న వేడి నీళ్ళ బకెట్ దాని కాళ్ళ మీద కుమ్మరించాను. వారం రోజులు పనిలోకి రావద్దన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

చిన్నోడు తెడ్డుతో కొట్టాడని ఏడుస్తూ రాశావు. వాడొక్కడే మన ఇంట్లో మగాడిలా ఉన్నాడు. వాడి చెయ్యి ఆపకు.

దుంపరొట్టెలు మళ్ళీ పంపుతున్నాను. ఈసారి నువ్వు ముందు తిను.

కోపంతోనూ, ప్రేమతోనూ,
ఎర్మిందా

*

పాసో అమార్గో పాయ,
2 ఫిబ్రవరి 1999

అక్కా,

నువ్వు కోరుకున్నదే జరుగుతోంది. సంతోషించు.

లెపియోలు వలల గుర్తుకు నీళ్ళ మీద తేలవేసిన బుడ్లన్నీ చిన్నోడు కోసి వదిలేశాడు. నాలుగు రోజులకు వాళ్ళు మన తిగ్రేను చంపారు. ఆ కుక్కకు మొరగడం కూడా సరిగ్గా రాదు, పరాయి వాళ్ళను చూస్తే తోకాడించేది. పీక కోసి మన పడవ ముక్కుకి వేలాడదీశారు. చిన్నోడు దాన్ని విప్పి, ఒళ్ళో పెట్టుకుని, ఏడవకుండా చాలాసేపు కూర్చున్నాడు. ఏడిస్తే బాగుండేది. లేచి గొడ్డలి తీసుకుని పాయ దాటి వెళ్ళాడు. నేను వెంట వెళ్ళేలోగా వాళ్ళ పడవ అడుగు పలకలు నాలుగు చీల్చాడు. తరవాత జరిగింది కొట్లాట అనను, గొడ్లు కుమ్ముకున్నట్టు కుమ్ముకున్నాం. మోకాలి లోతు నీళ్ళలో ఏడుగురం. చిన్నోడి ఎడమ చెవి సగం ఊడి వేలాడింది. చేపలు కుట్టే దారంతో నేనే కుట్టాను. బెలర్మీనో నన్ను ఇనప కడ్డీతో కనుబొమ్మ మీద కొట్టాడు. నేను వాడి చూపుడు వేలు కొరికాను. ఎముక దొరికేదాకా కొరికాను. ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది.

ఒక మాట మాత్రం అర్థం కాలేదు. బెలర్మీనో నెత్తురు కారుతున్న వేలు పట్టుకుని అరిచాడు: "తినేది మీరు, దొంగలం మేమా! పెంకులు మా కంట్లో పొడిచి పైగా కుక్క కోసం ఏడుపా!"

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. కానీ వాడు అబద్ధం చెప్పేవాడిలా అరవలేదక్కా. మోసపోయినవాడిలా అరిచాడు.

సాయంత్రానికి మన గుడిసె తగలబెట్టారు. వాన లేదు కదా, కొయ్య పేలాల్లా పేలింది. ఇప్పుడు పడవ మీద తాటిపత్రి కప్పుకుని ఉంటున్నాం.

రోసమెల్

*

కెయోన్,
9 ఫిబ్రవరి 1999

తమ్ముడూ,

ఇది చదివి చింపెయ్. చిన్నోడి చెవికి తేనె పట్టించు, చీము పట్టదు. నీ కనుబొమ్మకి కూడా.

వాడు అబద్ధం చెప్పేవాడిలా అరవలేదట. మీ బావ శవం దగ్గరకు వచ్చినప్పుడు కూడా వాడు అబద్ధం చెప్పేవాడిలా నిలబడలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ టోపీ నాకు ఇప్పటికీ కళ్ళలో ఆడుతుంది. నువ్వు అందరి మొహాల్లోనూ మంచితనం వెతుకుతావు. మన అమ్మ పోలిక. అమ్మ ఏం బాగుపడింది?

ఈ పడవలో చిన్నోడికి వేరే మూట పంపుతున్నాను. ఉన్ని మేజోళ్ళు, ఇంకా ఒకటీ అరా. వాడి పేరు రాసి కుట్టాను. నువ్వు విప్పకు. విప్పావంటే నా మీద ఒట్టే.

కగ్వాచ్ దీవి నజరేనో ఏసుస్వామికి మీ ఇద్దరి పేర కొవ్వొత్తులు వెలిగించాను. బెలర్మీనో పేర కూడా ఒకటి వెలిగించి, ఆర్పేశాను.

అక్క

*

పాసో అమార్గో పాయ,
16 ఫిబ్రవరి 1999

అక్కా, అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కాగడా పట్టుకుని పరుగెత్తే నీ బుద్ధి ఒక్క గడియ పక్కన పెట్టు.

నీ మూట చిన్నోడికి ఇచ్చాను. విప్పలేదు. వాడు దాన్ని పడవ మూలకు తీసుకుపోయి విప్పుకున్నాడు. నాకేం చూపించలేదు. పోనీలే.

నిన్న మళ్ళీ తల్లి పాదు దగ్గర దిగాను. ఈసారి కోపంతో కాదు, ఇంకా ఏం మిగిలిందో చూద్దామని. వాన పడి నెల దాటుతోంది. మన నీళ్ళు ఎలా ఉంటాయో గుర్తుంది కదా? పైన కొండల మీంచి దిగిన తియ్యనీళ్ళు, టీ రంగులో. కింద ఉప్పునీళ్ళు, పచ్చగా. రెండూ కలిసే చోట కళ్ళు మసకబారతాయి. చిన్నప్పుడు నన్ను నువ్వే దింపి, "అదుగో గీత, దాన్ని దాటకు" అనేదానివి. ఆ గీతకు పైన ఆలిచిప్పలు. కింద నక్షత్రచేపలు. వాటికి తియ్యనీళ్ళు పడవు. ఒళ్ళు ఉడికిపోతుంది. అందుకే పైకి రావు. తాత ఒకటే మాట అనేవాడు, వానే మన కాపలా అని. విన్నాం, పాటలా విన్నాం, ఎప్పుడూ ఆలోచించలేదు. ఎందుకంటే ఆ కాపలా ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

అక్కా, నిన్న ఆ గీత లేదు. అడుగు నుంచి పైదాకా ఉప్పునీళ్ళే. బండ మీద నక్షత్రచేపలు. ఒకటీ రెండూ కాదు, బండే కదులుతున్నట్టుంది. ఒక్కో దాని చేతులు నా మోచేతంత. ఆలిచిప్పను వాటేసుకుంటుంది. లాగుతుంది. ఆలిచిప్ప మూసుకుంటుంది. ఇది వదలదు, అదీ వదలదు. చివరికి ఆలిచిప్పే అలిసిపోయి వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. అంతే, నక్షత్రచేప తన కడుపు బయటికి కక్కి ఆ సందులోంచి లోపలికి దూరుస్తుంది. బతికుండగానే, తన ఇంట్లోనే దాన్ని కరిగించి తాగేస్తుంది. నేను చూస్తుండగా పక్కపక్కన వందల చోట్ల అదే పని, చప్పుడే లేదు. మనం నీళ్ళలో కుమ్ముకున్నప్పుడైనా అరుపులున్నాయి.

తాగేశాక పెంకులు తెరుచుకుని ఉంటాయి. జతగా. తళతళలాడుతూ. నేను ఒకటి పట్టి లాగాను. రాలేదు. దాని గడ్డం పీచు ఇంకా బండను పట్టుకునే ఉంది! ఎవరో తిని విసిరేసిన పెంకయితే బండను ఎలా పట్టుకుంటుంది? ఆ రోజే లాగి చూసి ఉంటే! ఆ రోజు రెండు రోజుల జల్లుకు భయపడి ఇవన్నీ కిందికి జారిపోయాయి. నాకు పెంకులే కనిపించాయి, తిన్నవాళ్ళు కనిపించలేదు. పెంకులు చూడగానే తిట్టే కనిపించింది, ఇంకేం కనిపించలేదు.

బెలర్మీనో కూడా అదే చూశాడు. అదే అనుకున్నాడు. తినేది మీరు అని అరిచింది అందుకే.

రేపు పడవకి తెల్లగుడ్డ కట్టి వాడి దగ్గరకు వెళుతున్నాను. ఇద్దరం కలిసి దిగి చూస్తాం. చిన్నోడికి చెబుతుంటే వినడం లేదు, "చేప మీదకి తోసేస్తున్నావా" అని వెకిలిగా నవ్వి, చిన్న పడవేసుకుని వెళ్ళిపోయాడు. నువ్వు వాడికి ఒక్క ముక్క రాయి. నీ మాటయితే వింటాడు.

రోసమెల్

*

కెయోన్,
27 ఫిబ్రవరి 1999

రోసమెల్,

కూర్చునే చదివాను. లేచి నిలబడి మళ్ళీ చదివాను.

నక్షత్రచేప! బాగుంది. తిగ్రే పీక కూడా నక్షత్రచేపే కోసిందా? గుడిసెకు నిప్పు నక్షత్రచేప పెట్టిందా? నా మొగుడి గాలి గొట్టాన్ని కూడా అది వాటేసుకుని కొరికిందా? నువ్వు పగవాడి పొయ్యి దగ్గర కూర్చుని మాతే ఆకు కషాయం తాగుతూ, ఒకే గొట్టం ఎంగిలి చేసుకుంటూ, "అన్నా, తప్పయిపోయింది" అంటున్నావని ఊహించుకుంటేనే నా కడుపు రగిలిపోతోంది.

నీకు చెప్పే తీరాలి కనక చెబుతున్నాను. చిన్నోడికి పంపిన మూటలో ఉన్నది మీ బావ కత్తి. మునిగేటప్పుడు పిక్కకు కట్టుకునేవాడే, అదే. నేనే సానబట్టాను. చిన్నోడికి రాసింది కూడా చెబుతాను, దాచుకునే ఖర్మ నాకు లేదు. "గొట్టానికి గొట్టం" అని రాశాను. ఇంకేం రాయలేదు. వాడికి అర్థమవుతుంది. నీకు కాదు.

నీ పాదు గొడవ నీది. నాది వేరే. ఆ పాదు మళ్ళీ మొలుస్తుంది. కుస్తోదియో మొలవడు.

ఎర్మిందా

*

ఓడరేవు ఆసుపత్రి, ఐసేన్,
21 మార్చి 1999

అక్కా,

నీ ఉత్తరం పాయకు వెళ్ళి, అక్కడ మనవాళ్ళెవరూ లేక, ఎలిసేయో జేబులో తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. చేరేసరికి నువ్వు రాసింది రాసినట్టే జరిగిపోయింది. పోలీసులు నీకు చెప్పింది సగమే. మిగతా సగం నా దగ్గరే ఉంది. పడుకునే రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువు.

బెలర్మీనో గుడిసెకు వెళ్ళాను. వాడు కట్టుకట్టిన వేలు ముందుకు చాపి, "మిగిలిన తొమ్మిదీ కొరుక్కోవడానికి వచ్చావా అబ్బాయ్" అన్నాడు. వాడి పెళ్ళాం నోల్ఫా చేతిలో గొడ్డలి ఉంది. నేను చూసింది చెప్పాను. వాడు నేల మీద ఉమ్మి, "నేనూ పెంకులే చూశాను. లాగి చూడలేదు. మన ఇద్దరి తల్లులూ ఒకే గాడిదను కన్నట్టున్నారు" అన్నాడు. నువ్వు చూసిన ఆ పెద్ద ఆలిచిప్పలు దక్షిణపు కాలవలవి. పాదు పోయిందని అంత దూరం వెళ్ళి తెచ్చుకున్నారు.

బావ సంగతి కూడా అడిగానక్కా. అడగకుండా ఎలా ఉంటాను! వాడు నా గాలి గొట్టం తీసి, వేళ్ళ మధ్య నుంచి మెల్లగా జారవిడుస్తూ నాకు చూపించాడు. ప్రతి బారకూ ఒక గాటు. కొత్తవీ పాతవీ. ఆలిచిప్పల అంచులు కోసినవి. "ఇవి ఎవడు కోశాడు? నేనా?" అన్నాడు. ఆ గాట్లు నున్నగా ఉన్నాయి. నువ్వు తడిమినట్టే. ఇన్నేళ్ళుగా నా గొట్టం మీదే ఉన్నాయి, నేనే చూడలేదు.

చిన్నోడు చీల్చిన వాడి పడవ పలకలు బాగుచేసేసరికి మార్చి వచ్చింది. ఆ పడవలో, గాలి కొట్టే వాడి కంప్రెసర్ మీద, రెండు గొట్టాలతో దిగాం. నోల్ఫా పైన గొట్టాలు చూస్తోంది. తల్లి పాదు దగ్గర ఆగలేదు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దామని బెలర్మీనో కిందికి వేలు చూపించాడు. బండ గోడ వెంబడి పదిహేను బారలు దిగాం. అక్కడ అవి మెట్లెక్కుతున్నట్టు వరసగా వస్తున్నాయి. వాడు నా భుజం తట్టి చేతులు రెండూ చాచాడు, ఎన్ని ఉన్నాయో చూశావా అన్నట్టు. అప్పుడు నాకు గాలి ఆగిపోయింది.

పైన ఏం జరిగిందో నోల్ఫా పోలీసులకు చెప్పింది, నేను విన్నాను. చిన్నోడు వచ్చి పడవ ఎక్కాడు. బావ కత్తి చేతిలో ఉంది. నోల్ఫాను తెడ్డుతో కొట్టి పడేసి, "ఏది నీ మొగుడిది?" అన్నాడు. ఆమె నిజమే చెప్పింది. "ఎడమది మీ అన్నది, ముట్టుకోకు!" అంది. చిన్నోడు నవ్వాడట. "మా అన్న నీ మొగుడి గాలి పీలుస్తాడా?" అన్నాడట. మొగుణ్ణి కాపాడుకోవడానికి అబద్ధమాడుతోందని ఎడమదే కోశాడు. రెండోది కూడా కొయ్యబోతే నోల్ఫా లేచి లంగరు తీసి వాడి తల మీద వేసింది. ఆ దెబ్బకు పడ్డవాడు పడవలోనే పడ్డాడు. బతికాడు. జైల్లో ఉన్నాడు. కుడి కన్ను పోయింది.

కింద నేను చస్తున్నాను. బెలర్మీనో చూశాడు. తన నోట్లోని గొట్టం కొస తీసి నా నోట్లో పెట్టాడు. రెండు గుక్కలు నేను, రెండు గుక్కలు వాడు. నడుం బెల్టుల సీసపు బరువులు విప్పేశాడు, నావీ తనవీ. పైకి మొదలెట్టాం. రెండు నేను, రెండు వాడు. మూడోసారి నా వంతు అయిపోయాక వాడు చెయ్యి చాపాడు.

నేను ఇవ్వలేదక్కా.

పళ్ళు బిగించాను. కావాలని కాదు అని రాయాలనుంది. కానీ వాడి కళ్ళు చూస్తూనే బిగించాను. వాడు ఒకసారి లాగాడు. నేను వాడి మణికట్టు పట్టుకుని విరిచాను. ఆ కట్టుకట్టిన వేలు ఉన్న చెయ్యే. వాడు రెండోసారి లాగలేదు. గొట్టం వాడి నడుముకి కట్టి ఉంది కనక ఇద్దరం కలిసే పైకి వచ్చాం. నోల్ఫా రెండు చేతులతో గొట్టం లాగుతోంది. ఆమె లాగితే బయటికి వచ్చింది బతికున్న నేనూ, చచ్చిన బెలర్మీనో.

అంత లోతు నుంచి త్వరగా పైకి రావడంతో నా కాళ్ళకు స్పర్శ పోయింది. ఎడమది వస్తుందంటున్నారు.

గొట్టానికి గొట్టం అన్నావు. తీరింది. నీకు చెప్పాలనిపించింది, ఇంకెవరికీ చెప్పలేదు. నోల్ఫాకు అసలు చెప్పలేదు.

పాయలో వానలు మొదలయ్యాయట. ఎలిసేయో చెప్పాడు.

రోసమెల్

*

కెయోన్,
21 ఏప్రిల్ 1999

నా తమ్ముడూ,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాద్దామని కూర్చుంటే చెయ్యి కదిలేది కాదు. "గొట్టానికి గొట్టం" అని రాసింది ఈ చెయ్యే కదా అని చూస్తూ ఉండిపోయేదాన్ని.

చిన్నోణ్ణి చూసి వచ్చాను. ఒక కన్నుతో నా వంక చూసి, "అక్కా, నేను సరిగ్గానే కోశాననుకున్నాను" అన్నాడు. పసిపిల్లాడప్పుడు అన్నం ఒలకబోసి అన్నట్టే అన్నాడు. వాడి నెత్తి మీద చెయ్యి వేశాను. వాడిని పెంచింది నేను.

నోల్ఫా ఫ్యాక్టరీలో చేరింది. ఊళ్ళో ఇంకెక్కడా పని లేదు కదా. మా బల్ల దగ్గరే, నాకు ఎదురుగా నిలబెట్టారు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆమె కత్తి, నా కత్తి, మధ్యలో పెంకుల గుట్ట. నేను రోజూ పొద్దున్నే తలుపు తీసి గుమ్మం చూసుకునేదాన్ని. పెంకులు పోసి ఉంటుంది అనుకునేదాన్ని. ఆమెకు ఆ హక్కుంది. ఉండవు. శుభ్రంగా ఉంటుంది గుమ్మం. ఆ శుభ్రం చూసి చూసి నాకు పిచ్చెక్కింది.

మొన్న ఆదివారం నేనే ఫ్యాక్టరీ వెనక నుంచి రెండు బుట్టల ఖాళీ పెంకులు తెచ్చి, నా గుమ్మంలో నేనే పోసుకున్నాను. వీధంతా చూసింది. పాదిరీ గారు చూసి శిలువ గుర్తు వేసుకున్నారు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకోకుండా కూర్చున్నాను.

మధ్యాహ్నం పెంకులు పటపటా విరుగుతున్న చప్పుడు. నోల్ఫా. వాటిని తొక్కుకుంటూ లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. నేను లేచాను. కొడుతుందనుకున్నాను. కొట్టింది. చెంప మీద, తరవాత రెండో చెంప మీద. నోట్లో నెత్తురు వచ్చింది. నేను చేతులు ఎత్తలేదు.

"ఏమే, నీ గుమ్మంలో నువ్వే పోసుకుంటావా? ఎవరిచ్చారే నీకా పెత్తనం?" అంది.

చెప్పేశాను తమ్ముడూ. క్షమించు. "నా తమ్ముడు గాలి తిరిగి ఇవ్వలేదు" అన్నాను.

ఆమె మొహం మారలేదు. "నాకు తెలీదనుకున్నావా? గొట్టం లాగింది ఈ చేతులే. ఆ గొట్టం కొస ఎవడి నోట్లో ఉందో చూసింది ఈ కళ్ళే. వాడి పళ్ళు విప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో నీకేం తెలుసు? ఆలిచిప్పే నయం" అంది.

తరవాత నా చీపురు తీసుకుంది. నా గుమ్మం అంతా ఊడ్చింది. మూలల్లో, రాళ్ళ సందుల్లో కూడా వదల్లేదు. పెంకులన్నీ గోతాంలోకి ఎత్తి భుజాన వేసుకుంది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "ఇది నా పని. నాకు ఎప్పుడు పొయ్యాలనిపిస్తే అప్పుడు పోస్తాను. నీ ఇష్టం కాదు" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ ఎదురుచూపులు. సోమవారం లేవు. మంగళవారం లేవు. బల్ల దగ్గర ఆమె నా వంక చూడలేదు.

ఈరోజు పొద్దున్న వాన జోరుగా కురుస్తోంది. తలుపు తీద్దామంటే తెరుచుకోలేదు. బయట ఏదో అడ్డం పడింది. భుజంతో నెట్టాను. మోకాలి ఎత్తున పెంకులు. మొత్తం గోతాం, ఇంకా రెండు గోతాలు. వాన పడి లోపలి తెలుపంతా మెరుస్తోంది. నోల్ఫా వీధి చివర తడుస్తూ నిలబడి ఉంది, నేను చూశానో లేదో చూడ్డానికి. చూశానని తల ఊపాను. ఆమె వెళ్ళిపోయింది.

ఊడ్చలేదు. వాటి మధ్యలోంచే దారి చేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చాను. ఇంటికి వచ్చాక పొయ్యి వెలిగించి నాలుగు దుంపలు ఉడకబెట్టుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక ఇవాళే నాకు ఆకలేసింది.

కాలు నయమయ్యాక ముందు ఇక్కడికి రా. ఆ పెంకుల మీంచే నడిచి లోపలికి రావాలి, చెబుతున్నాను.

నీ అక్క,
ఎర్మిందా